అణురూపదర్శి వాంట్ హాఫ్

గోడకు వ్రేలాడు చిత్తరువునకును, గుడి మంటపములోని రాతి విగ్రహమునకును ఒక ముఖ్యభేదము కలదు. చిత్తరువును ఎదుటనుండి మాత్రమే చూడగలము. విగ్రహము చుట్టును తిరిగి రావచ్చును. వెనుక జడ యల్లికను, ప్రక్కనుండి నడుము వంపును చూడవచ్చును. 1874వ సంవత్సరము వరకు రసాయన శాస్త్రజ్ఞులలో పెక్కురకు అణువు గోడమీది చిత్తరువు వంటిదిగనే యుండెను. ఏ పరమాణువు దేనితో కూడియున్నదో కాగితముపై గీతలు గీచి చూపుటతో వారి పని ముగిసెడిది. ఆ గీతలకు ముందువెనుకలు లేవు, లోతు లేదు. ఆ చిత్తరువును విగ్రహముగా మార్చి, దాని చుట్టును తిరిగి చూచుట లోకమునకు నేర్పినవాడు హాలండు దేశీయుడగు యాకోబస్ హెన్రికస్ వాంట్ హాఫ్. అప్పటి కాతని వయస్సు 22 ఏండ్లు. డాక్టరు పట్టమైనను ఇంకను చేతికి రాలేదు.

నేడు కళాశాల విద్యార్థి సైతము కంప్యూటరు తెరమీద ఒక అణువును నిలిపి, వ్రేలికొనతో ఇటునటు త్రిప్పి, తనకు కావలసిన ప్రక్కను తనవైపునకు మరల్చుకొని చూడగలుగుచున్నాడు. ఈ సౌకర్యమునకు మూలమైన భావము ఆ యువకునిది. ఆ భావము కొరకాతడు పడిన నిందయు తక్కువది కాదు.

వాంట్ హాఫ్ 1852 ఆగస్టు 30వ తేదీన రోటర్డాం నగరమున జన్మించెను. తండ్రి వైద్యుడు. ఏడుగురు సంతానములో నితడు మూడవవాడు. ఆంగ్లకవి బైరను కావ్యములనిన ఇతనికి మిక్కిలి ప్రీతి. తత్త్వశాస్త్రమందును ఆసక్తి మెండు. 1869లో డెల్ఫ్ట్ నగరములోని సాంకేతిక విద్యాలయమున చేరి, మూడేండ్ల చదువును రెండేండ్లలో ముగించెను. నడుమ సెలవులలో ఒక చక్కెర కర్మాగారమున పనిచేసి చూచెను. దినదినమును అదే పనిని అదే తీరున చేయుట ఆతనికి రుచింపలేదు. కర్మాగారపు కొలువు తనకు తగదని నిశ్చయించుకొని, 1871లో లైడెన్ విశ్వవిద్యాలయమున గణితము నభ్యసించెను. పిమ్మట 1872లో బాన్ నగరమునకేగి సుప్రసిద్ధుడగు కెకూలె వద్దను, తదుపరి పారిసులో వూర్ట్స్ ప్రయోగశాలలోను పనిచేసెను. పారిసులో జోసెఫ్ లబెల్ అను ఫ్రెంచి యువకుడు ఆతని సహాధ్యాయి. వీరిద్దరును కొలది నెలల తేడాతో, ఒకరి నొకరు సంప్రతింపకయే, ఒకే సత్యమును ప్రకటించుట రసాయన శాస్త్ర చరిత్రలో ఒక వింత.

ఆ సత్యమేదో తెలియుటకు ముందు, ఆనాటి పండితులను వేధించుచుండిన చిక్కును తెలిసికొనవలెను. మన ఇండ్లలోని చింతపండు పులుపునకు ముఖ్యకారణము టార్టారిక్ ఆమ్లము. ద్రాక్షసారా పీపాలలో పేరుకొను గారయు దీని లవణమే. దీని ద్రావణము గుండ ధ్రువిత కాంతిని, అనగా ఒకే తలములో కంపించు కాంతిని, పంపినచో ఆ తలము కుడివైపునకు తిరుగును. ఇదే ఆమ్లమునకు అచ్చముగా సాటివచ్చు వేరొక ఆమ్లము దొరికెను. పరమాణువుల లెక్కలో భేదము లేకున్నను, అది కాంతిని ఏవైపునకును త్రిప్పదు. 1848లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లూయీ పాస్టర్ ఆ రెండవ ఆమ్లపు లవణస్ఫటికములను భూతద్దముతో పరీక్షించి, వానిలో రెండు జాతులున్నవని కనుగొనెను. ఒకటి రెండవదానికి అద్దములోని ప్రతిబింబము. చిన్న పటకారుతో వానిని ఏరి వేర్వేరుగా కరగించి చూడగా, ఒకటి కాంతిని కుడికిని, రెండవది అంతే మేరకు ఎడమకును త్రిప్పెను. రెండును సమముగా కలిసినపుడు ఒకదాని ప్రభావమును రెండవది రద్దుచేయుచుండెను.

స్ఫటికములలో కుడియెడమలున్నచో అణువులలోను ఉండితీరవలెనని పాస్టర్ ఊహించెను. కాని అణువులో ఆ కుడియెడమల స్థానమెక్కడ? కాగితముమీది గీతలలో దానికి చోటు లేదు. పావు శతాబ్దము గడచినను సమాధానము దొరకలేదు. 1873లో జర్మను శాస్త్రజ్ఞుడు విస్లిసెనస్, పుల్లని పాలలోను కండరములలోను దొరకు లాక్టిక్ ఆమ్లములను పరిశీలించి, ఒకే కూర్పు గల ఆ రెంటికిని భేదము పరమాణువులు అంతరాళములో అమరిన తీరులోనే యుండవలెనని వ్రాసెను. యుట్రెక్టు గ్రంథాలయములో వాంట్ హాఫ్ ఆ వ్యాసమును చదువుచు, సగములో లేచి వెలుపల నడచుచుండగా, తన ఊహ స్ఫురించెనని చెప్పుదురు.

ఊహ మెరుపువలె తట్టియుండవచ్చును. దానిని నిలువబెట్టిన వాదము మాత్రము లెక్కలు చూచు గుమాస్తా ఓర్పుతో చేసినది. కర్బన పరమాణువునకు నాలుగు చేతులు. ఆ నాలుగును ఒకే తలములో, వాకిట వేసిన ముగ్గువలె, నాలుగు మూలలకు చాచియున్నవని అనుకొందము. రెండు చేతులకు ఒక జాతి పరమాణువులను, తక్కిన రెంటికి వేరొక జాతివానిని తగిలించినచో, ఒకే జాతివి ప్రక్కప్రక్కల నుండునట్టిది ఒకటి, ఎదురెదురుగ నుండునట్టిది మరొకటి, ఇట్లు రెండు పదార్థములు లభింపవలెను. కాని ప్రయోగశాలలలో ఎప్పుడును ఒకటియే లభించుచుండెను. కావున ముగ్గు ఊహ తప్పు. నాలుగు చేతులును చతుర్ముఖి యొక్క నాలుగు కొనలవైపు చాచియున్నవనుకొన్నచో, ఎట్లు తగిలించినను ఒకటియే వచ్చును. లెక్క సరిపోయెను.

ఇక నాలుగు చేతులకును నాలుగు వేర్వేరు సమూహములను తగిలించినచో నేమగును? అప్పుడు చతుర్ముఖి రెండు విధములుగా అమరును. ఒకటి రెండవదానికి ప్రతిబింబము; ఒకదానిని ఎట్లు త్రిప్పినను రెండవదానితో సరిగా కలియదు. పూజామందిరములలోని శంఖములను తలచుకొనిన ఈ సంగతి సులభముగా బోధపడును. సాధారణ శంఖము ఒక దిక్కునకు చుట్టుకొనియుండును. అరుదైన దక్షిణావర్తము దానికి ఎదురు దిక్కునకు చుట్టుకొనియుండును. సాధారణ శంఖమును తలక్రిందుచేసినను, వెనుకకు మరల్చినను, ఏ కోణమునుండి చూచినను, అది దక్షిణావర్తము కానేరదు. పాస్టర్ కనుగొనిన కుడియెడమలకు వాంట్ హాఫ్ చూపిన స్థానమిదియే. కాంతిని త్రిప్పు కర్బన పదార్థములను వరుసగా పరిశీలించి, ఆనాటికి నిర్మాణము తెలిసిన వానిలో నాలుగు వేర్వేరు సమూహములతో కూడిన కర్బన పరమాణువు ఒక్కటియైన నుండుట నాతడు చూపెను.

1874 సెప్టెంబరులో ఈ భావమును డచ్చి భాషలో ఒక చిన్న కరపత్రముగా ప్రకటించెను. అదే సంవత్సరము నవంబరులో పారిసునుండి లబెల్ వ్యాసము వెలువడెను. డిసెంబరులో యుట్రెక్టు విశ్వవిద్యాలయము వాంట్ హాఫునకు డాక్టరు పట్టమొసగెను. అయితే ఆ పట్టమునకై సమర్పించినది ఈ కొత్త ఊహ కాదు. సయనోఎసిటిక్, మెలోనిక్ ఆమ్లములను గూర్చిన సామాన్య పరిశోధన. పరీక్షకుల ముందర పెట్టవలసిన దేదియో, లోకము ముందర పెట్టవలసిన దేదియో ఆ యువకుడు ఎరుగనివాడు కాడు.

మరుసటి యేడు ఆ కరపత్రమును పెంచి ఫ్రెంచి భాషలో గ్రంథముగా వెలువరించెను. వట్టి మాటలతో చదువరి మనస్సులో లోతు కల్పించుట కష్టమని గ్రహించి, అట్టముక్కలను మడచి అంటించి చిన్నచిన్న చతుర్ముఖులను చేసి, ముఖములకును కొనలకును రంగులద్ది, పేరుగల పండితులకు పంపెను. గ్రంథము చదివి ఒప్పుకొనని వాడైనను, వస్తువును చేతబట్టి త్రిప్పినచో కన్నులు చెప్పునది కాదనలేడని ఆతని నమ్మకము.

బిరుదు వచ్చినంతనే కొలువు రాలేదు. కొంతకాలము ప్రైవేటు పాఠములు చెప్పి, 1876లో యుట్రెక్టులోని పశువైద్య పాఠశాలలో అధ్యాపకుడాయెను. 1877లో విస్లిసెనస్ పీఠికతో ఆ గ్రంథము జర్మను భాషలోనికి వచ్చెను. దానితో పెద్ద తుపాను చెలరేగెను. లైప్జిగ్ విశ్వవిద్యాలయాచార్యుడును, గొప్ప రసాయన పత్రికకు సంపాదకుడును అగు హెర్మన్ కోల్బె తన పత్రికలోనే వాంట్ హాఫును తీవ్రముగా దూషించెను. పశువైద్య పాఠశాలకు చెందిన ఈ మనుష్యునకు నిక్కమైన పరిశోధనపై రుచి లేదనియు, ఆ పాఠశాలనుండి ఎరువు తెచ్చుకొనిన రెక్కల గుఱ్ఱమునెక్కి కవుల కొండపైకెగిరి, అక్కడినుండి పరమాణువుల అమరికను చూచినట్లు చెప్పుచున్నాడనియు ఆ దూషణ సారాంశము. కోల్బె అల్పుడు కాడు; కర్బన రసాయనమున ఆతని పరిశోధనలు నేటికిని గౌరవింపబడుచున్నవి. ప్రయోగమునకు లొంగని ఊహ శాస్త్రమును చెరచునను భయమే ఆతనిచేత అట్లు వ్రాయించినది. ఆ భయము పూర్తిగా నిరాధారమనుటకును వీలులేదు. కాని వాంట్ హాఫ్ ఊహ లెక్కకు లొంగినదని ఆ పెద్దమనిషి చూడలేకపోయెను. పాఠశాల పేరు చూచి పాఠమును తూచుట విద్వాంసులకును అలవాటే.

వాంట్ హాఫ్ తిట్టునకు తిట్టుతో బదులీయలేదు. 1877లో ఆమ్‌స్టర్‌డాం విశ్వవిద్యాలయములో ఉపన్యాసకుడుగా చేరి, మరుసటి యేడే ఆచార్య పదవి నందెను. ఆ పదవీ స్వీకార సమయమున, 1878 అక్టోబరులో, శాస్త్రమున కల్పనాశక్తికిగల స్థానమును గూర్చి ఉపన్యసించెను. అందుకొరకు ఇన్నూరుమందికి పైగా శాస్త్రజ్ఞుల జీవితచరిత్రలను చదివి, వారిలో మిక్కిలి గొప్పవారు పెక్కురు కవిత్వమందో, సంగీతమందో, చిత్రలేఖనమందో అభినివేశము కలవారని చూపెను. ఊహకు కూడ లెక్క కట్టి నిరూపించుట ఆతని స్వభావము. ఆ సంవత్సరమే యోహన్నా ఫ్రాన్సీనా మేస్ అను కన్యను వివాహమాడెను. వారికి ఇద్దరు కుమార్తెలు, ఇద్దరు కుమారులు.

ఆమ్‌స్టర్‌డాములో గడపిన పదునెనిమిదేండ్లలో ఆతని దృష్టి వేరు త్రోవలు పట్టెను. రసాయన చర్యలు ఏ వేగమున జరుగునో, ఏ స్థితిలో నిలకడ చెందునో గణితముతో నిరూపించుచు 1884లో ఒక మహాగ్రంథము వెలువరించెను. ద్రావణములలోని పీడనము వాయువుల పీడన నియమములనే అనుసరించునని అటుపిమ్మట చూపెను. 1887లో ఆస్ట్వాల్డ్ అను శాస్త్రజ్ఞునితో కలిసి భౌతిక రసాయనమునకు ప్రత్యేక పత్రికను నెలకొల్పెను. బోధనాభారము, పరీక్షల పని పెరిగి పరిశోధనకు తీరిక చిక్కకపోగా, 1896లో బెర్లినునకు వెడలి, అచ్చటి శాస్త్ర పరిషత్తు నీడన స్టాస్‌ఫుర్ట్ ఉప్పుగనుల లవణములను పరిశీలించుచుండెను. 1901లో నోబెల్ బహుమానములు మొదటిసారిగా ప్రదానము చేసినపుడు రసాయన శాస్త్రమున తొలి బహుమతి ఈతనికే దక్కెను. అదియు రసాయన చర్యల నియమములకు, ద్రావణముల పీడనమునకే గాని, అణువునకు ఆకృతి నొసగినందులకు కాదు. క్షయవ్యాధితో కృశించి, 1911 మార్చి 1వ తేదీన బెర్లిను సమీపమున స్టెగ్లిట్స్ అను చోట తన 58వ యేట కన్నుమూసెను.

ఆతని చతుర్ముఖిని ఎవరును కన్నులార చూడకమునుపే ఆతడు వెడలిపోయెను. రెండేండ్లకు, 1913లో, ఇంగ్లండున తండ్రీకొడుకులగు బ్రాగులు ఎక్స్ కిరణములతో వజ్రమును పరీక్షించి, అందలి ప్రతి కర్బన పరమాణువు చుట్టును నాలుగు పరమాణువులు చతుర్ముఖి కొనలలో నున్నవని నిరూపించిరి. అలీన్ అను జాతి పదార్థములలో నాలుగు వేర్వేరు సమూహములు గల కర్బనము లేకున్నను కుడియెడమలుండవలెనని వాంట్ హాఫ్ 1875లో చెప్పియుండెను. అది 1935లో, అరువదేండ్ల తరువాత, కేంబ్రిడ్జిలో ప్రయోగపూర్వకముగా రుజువయ్యెను.

అయినను ఒక ప్రశ్న మిగిలియుండెను. రెండు రూపములున్నవి, సరే. వానిలో ఏది నిజముగా కుడి, ఏది ఎడమ? సాధారణ ఎక్స్ కిరణ పరీక్షలో వస్తువును దాని ప్రతిబింబమును ఒకేతీరు గుర్తులనిచ్చును. జర్మను శాస్త్రజ్ఞుడు ఎమిల్ ఫిషర్ వేరుదారి లేక, చక్కెరల విషయమున ఒకదానిని కుడియని ఊహించి పని సాగించెను. 1951లో బైఫూట్ అను శాస్త్రజ్ఞుడు, ఆతని సహచరులును టార్టారిక్ ఆమ్లపు లవణమునే తీసికొని, ఒక ప్రత్యేకపద్ధతిలో ఎక్స్ కిరణములను ప్రయోగించి, నిజమైన కుడియెడమలను నిర్ణయించిరి. ఫిషర్ ఊహ అదృష్టవశమున సరిపోయెను. ఈ నిర్ణయము జరిగినది యుట్రెక్టులో. ఏ ఊరి పశువైద్య పాఠశాల పేరెత్తి వాంట్ హాఫును పరిహసించిరో, ఆ ఊరనే ఆతని పేరిట వెలసిన ప్రయోగశాలలో ఆ పని జరిగెను.

కుడియెడమలను పేర్కొనుటకు ఒక కట్టుబాటు కావలెను. గడియారమును వెనుకనుండి చూచినచో ముల్లు ఎదురు తిరుగును గదా. కాన్, ఇంగోల్డ్, ప్రెలోగ్ అను మువ్వురు 1956లో ప్రకటించి 1966లో విస్తరించిన నియమమిట్టిది. నాలుగు సమూహములకును పరమాణు సంఖ్యను బట్టి పెద్దచిన్న వరుస నిర్ణయింపవలెను. అన్నిటికన్న చిన్నది మనకు దూరముగా ఆవలిప్రక్క నుండునట్లు అణువును మరల్చుకొని చూడవలెను. అప్పుడు తక్కిన మూడును పెద్దదానినుండి చిన్నదానికి సవ్యముగా తిరిగిన ఒక పేరు, అపసవ్యముగా తిరిగిన వేరొక పేరు. చూచు దిక్కు స్థిరపడనిదే ఆ పేరునకు అర్థము లేదు.

1960 తరువాతి సంవత్సరములలో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో సైరస్ లెవింథాల్, ఆతని సహచరులు కంప్యూటరు తెరమీద ప్రోటీను అణువులను గీయించి, చేతిక్రింది గోళాకార పరికరముతో వానిని త్రిప్పి చూచు ఏర్పాటు చేసిరి. నేటి ఏర్పాట్లన్నియు ఆ త్రోవలోనివే. ప్రతి పరమాణువునకును అడ్డము, నిలువు, లోతు అను మూడు కొలతలు యంత్రములో వ్రాయబడి యుండును. చూపరి అణువును త్రిప్పినపుడు ఆ మూడు కొలతలను గణితమున కొత్త కొలతలుగా మార్చి, యంత్రము మరల చిత్రము గీయును. పరమాణువుల నడుమ దూరములు మారవు, కుడియెడమలును మారవు. ముందున్నవానిని ప్రకాశముగాను వెనుకనున్నవానిని మసకగాను చూపి, తెర లోతును భ్రమింపజేయును. మెలిదిరిగిన పొడవాటి అణువును ప్రక్కనుండి చూచిన త్రాడువలెను, ఇరుసువెంట చూచిన గాజువలెను కానవచ్చును. ఏ ప్రశ్నకు ఏ వైపునుండి చూడవలెనో నిర్ణయించుకొనుటయే చూపరి నేర్పు.

ఇందొక ప్రమాదము కూడ కలదు. మూడు కొలతలలో రెంటి గుర్తులను తారుమారు చేసినచో అణువు అరచుట్టు తిరిగినట్లగును, కీడు లేదు. ఒక్కదాని గుర్తును మాత్రము తారుమారు చేసినచో అది ప్రతిబింబమైపోవును. చిత్రము చక్కగానే కనబడును, పదార్థము మాత్రము వేరగును. ఈ భేదము ప్రాణములతో ముడిపడినది. మన పొలముగట్ల కంపలపై ప్రాకు దూలగొండి గింజలనుండి డోపా అను పదార్థపు ఎడమరూపమును 1937లో మద్రాసున దామోదరన్, రామస్వామి అను శాస్త్రజ్ఞులు వేరుచేసిరి. చేతులు వణకు పార్కిన్సన్ వ్యాధికి అది దివ్యౌషధమని తరువాత తేలెను. 1967లో రెండు రూపములును కలిసిన మందునిచ్చినపుడు కొందరు రోగులకు తెల్లరక్తకణములు తగ్గెను. పిమ్మట ఎడమరూపమును మాత్రమే వాడసాగిరి. రోగికి మేలుచేసినది ఆ ఒక్క రూపమే.

వాంట్ హాఫ్ ఈ తెరలను చూడలేదు. ఈ మందులను ఎరుగడు. ఆతని కాలమున ఆతని చేతనున్నది అట్ట, కత్తెర, జిగురు, రంగు. ఆ కాగితపు చతుర్ముఖులలో కొన్ని నేటికిని లైడెన్ నగరమున బూర్హావె ప్రదర్శనశాలలో భద్రముగా నున్నవి. అరచేత నిమిడిపోవునంత చిన్నవి. వానిని అందుకొనిన పండితులలో కొందరు ప్రక్కకు నెట్టియుందురు. కొందరు చేతబట్టి నాలుగు వైపులకు త్రిప్పి చూచిరి. రసాయన శాస్త్రము ఆ త్రిప్పి చూచినవారి వెంట నడచెను.